కలకు అర్థం చెప్పవలసింది ఎవరు?

నిద్రలో కనిపించిన దృశ్యాన్ని ఆధారం చేసుకొని మనస్సుకు వైద్యం చేయడం సాధ్యమేనా? నూరేళ్లకు పైగా వైద్యులు సాగించిన ఈ అన్వేషణ నేడు ఎక్కడ నిలిచింది?

అది 1917వ సంవత్సరం. మొదటి ప్రపంచ యుద్ధం ముమ్మరంగా సాగుతున్నది. స్కాట్లండులో, ఎడింబరో నగర సమీపాన క్రెయిగ్‌లాక్‌హార్ట్ అనే సైనిక వైద్యశాలలో శరీరంపై గాయమన్నది కానరాని క్షతగాత్రులు ఉండేవారు. వారందరూ సైన్యాధికారులు. పగటిపూట మాట్లాడుతూ, షికార్లు చేస్తూ, గోల్ఫ్ ఆడుతూ మామూలు మనుషుల్లాగే కనిపించేవారు. రాత్రి అయ్యేసరికి మాత్రం నిద్రకు జంకేవారు. కన్ను మూస్తే చాలు, కందకాలు, పేలుళ్లు, చనిపోయిన మిత్రులు తిరిగి ఎదుట నిలిచేవారు.

అక్కడి వైద్యులలో విలియం రివర్స్ ఒకరు. భారతదేశానికి ఆయన కొత్తవాడు కాడు. 1901-02 సంవత్సరాలలో నీలగిరి కొండలలో నివసించి తోడా జాతి ప్రజల జీవితాన్ని అధ్యయనం చేసి, 1906లో వారిపై ఒక బృహద్గ్రంథం వెలువరించిన మానవశాస్త్రజ్ఞుడాయన. యుద్ధం ఆయనను తిరిగి వైద్యవృత్తికి రప్పించింది. ఆంగ్లకవి సీగ్‌ఫ్రీడ్ ససూన్ ఆ వైద్యశాలలో ఆయన వద్దనే చికిత్స పొందాడు.

తాను చికిత్స చేసిన ఒక అధికారిని గురించి రివర్స్ తన వ్యాసంలో వివరించాడు. ఆ అధికారి కనిపించకుండా పోయిన మిత్రుణ్ణి వెదుక్కుంటూ వెళ్లాడు. దొరికినది పేలుడుకు తునాతునకలైన దేహం. నాటి నుండి ఆ మిత్రుడు రాత్రివేళ కలలోకి రావడం మొదలుపెట్టాడు. ఒక్కొక్కప్పుడు ఛిద్రమైన దేహంతోను, ఒక్కొక్కప్పుడు అవయవాలు కరిగిపోయిన కుష్ఠురోగి రూపంలోను దగ్గర దగ్గరగా వచ్చేవాడు. అధికారి చెమటలు కక్కుతూ, భయవిహ్వలుడై లేచి కూర్చునేవాడు. ఆ జ్ఞాపకాన్ని మనస్సులోకి రానీయవద్దని, సంతోషకరమైన విషయాలు తలచుకొమ్మని అందరూ అతనికి హితబోధ చేశారు. అతడు పగలంతా అదే ప్రయత్నంలో ఉండేవాడు. రాత్రి మాత్రం అతని చేతిలో లేదు.

రివర్స్ అందుకు భిన్నమైన మార్గం చూపాడు. ఆ దేహం అంతగా ఛిద్రమైనదంటే మిత్రుడు తత్‌క్షణమే ప్రాణం విడిచి ఉంటాడని, గాయపడి గంటల తరబడి యాతన పడే దుర్గతి అతనికి తప్పిందని వివరించాడు. ఆ మాట వినగానే అధికారి ముఖం తేటపడింది. ఇకమీదట ఆ జ్ఞాపకాన్ని తరిమివేయనని, మిత్రుడికి తప్పిన బాధను తలచుకొని ఊరట పొందుతానని అన్నాడు. కొన్ని రాత్రులు ఏ కలా లేకుండా గడిచాయి. తరువాత ఒక రాత్రి మళ్లీ అదే కల. అదే యుద్ధభూమి, అదే దేహం. కాని భీతి లేదు. అతడు మిత్రుని పక్కన మోకరిల్లి, బంధువులకు పంపవలసిన విలువైన వస్తువులను తీస్తున్నాడు. నిజంగా ఆనాడు చేసినదీ అదే. నడుముపట్టీ విప్పుతుండగా మెలకువ వచ్చింది. కన్నీరు నెమ్మదిగా కారుతోంది. మిగిలినది భయం కాదు, మిత్రుడు పోయాడన్న దుఃఖం మాత్రమే.

స్వప్నచికిత్స చరిత్రలో ఈ చిన్న వృత్తాంతానికి ఉన్న విలువ చాలా గొప్పది. వైద్యుడు ఆ కలకు రహస్యార్థమేదీ చెప్పలేదు. జరిగిన సంఘటనకు రోగి ఇచ్చుకొన్న అర్థాన్ని మాత్రమే మార్చాడు. కల తనంతట తానే మారింది.

పూర్వుల స్వప్నవిచారం

కలలను పట్టించుకోని నాగరికత లేదు. ప్రాచీన గ్రీసులో రోగులు ఎస్క్లీపియస్ దేవుని ఆలయాలలో నిద్రించి, కలలో లభించే ఆదేశాన్ని బట్టి చికిత్స పొందేవారు. మన తెలుగునాట కూడ కొన్ని క్షేత్రాలలో మొక్కుకొని నిద్రచేసే ఆచారం ఉన్నది. రామాయణంలో అశోకవనాన త్రిజట కన్న కల రాక్షసస్త్రీల నోళ్లు మూయించింది. దూతలు అయోధ్య నుండి వచ్చే ముందే భరతునికి తండ్రిని గురించిన దుస్స్వప్నం వచ్చింది. బుద్ధుని తల్లి మాయాదేవి కలలో తెల్లయేనుగును చూచినదని బౌద్ధులు, మహావీరుని తల్లి త్రిశల శుభస్వప్నాలు కన్నదని జైనులు చెప్పుకొంటారు. నేటికీ మన పంచాంగాలలో స్వప్నఫలాల పుట కనిపిస్తూనే ఉంటుంది. తెల్లవారుజామున వచ్చిన కల నిజమవుతుందన్న నమ్మకం చదువుకొన్నవారి ఇళ్లలోను చెక్కుచెదరలేదు.

అయితే భారతీయుల స్వప్నవిచారం శకునాలతోనే ఆగిపోలేదు. పన్నెండు మంత్రాలు మాత్రమే కల మాండూక్యోపనిషత్తు జాగ్రత్, స్వప్న, సుషుప్తులనే మూడు అవస్థలను విడదీసి, స్వప్నావస్థలోని ఆత్మకు తైజసమని పేరు పెట్టింది. బాహ్యవిషయాలను వదలి లోపలి ప్రపంచాన్ని అనుభవించే స్థితిగా దానిని వర్ణించింది.

వైద్యుల దృష్టి మరింత ఆసక్తికరమైనది. చరకసంహితలోని ఇంద్రియస్థానం కలలను ఏడు విధాలుగా వర్గీకరిస్తుంది. కంటితో చూచినది దృష్టం. చెవితో విన్నది శ్రుతం. స్వయంగా అనుభవించినది అనుభూతం. కోరుకొన్నది ప్రార్థితం. ఊహించుకొన్నది కల్పితం. రాబోవుదానిని సూచించేది భావికం. వాత పిత్త కఫాల వికారం వలన కలిగేది దోషజం. వీటిలో మొదటి ఐదింటికి ఫలం లేదని చరకుడు స్పష్టంగా చెప్పాడు. పగటి అనుభవాలు, తీరని కోరికలు, ఊహలు కలలకు ముడిసరుకు అవుతాయని, దేహస్థితి కూడ కలను కలిగించగలదని ఆ వైద్యశాస్త్రం అంత పూర్వమే గుర్తించింది.

అయితే ఈ విచారమంతా ప్రధానంగా ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగింది: ఈ కల దేనికి సూచన? పాము కనిపిస్తే ఏమవుతుంది, పళ్లు ఊడినట్లు వస్తే ఏమవుతుంది అని అడిగారు. ఈ కల కన్న మనిషి ఎవరు, అతని మనస్సులో ఏమున్నది అన్న ప్రశ్న చికిత్సాపద్ధతిగా మారడానికి పందొమ్మిదవ శతాబ్దం చివరివరకు వేచి ఉండవలసి వచ్చింది.

వియన్నా వైద్యుడు

1895 జులై 24వ తేదీ తెల్లవారుజామున, వియన్నా నగర సమీపంలోని బెల్‌వ్యూ అనే విడిదిలో సిగ్మండ్ ఫ్రాయిడ్‌కు ఒక కల వచ్చింది. అప్పుడాయన వయస్సు 39. కలలో ఒక విశాలమైన హాలు, అతిథులు. వారిలో ఇర్మా అనే పేరుతో ఆయన పేర్కొన్న ఒక రోగి. ఆమె తన బాధ తగ్గలేదంటుంది. ఫ్రాయిడ్ ఆమె గొంతు పరీక్షిస్తాడు. తోటి వైద్యులు వచ్చి చూస్తారు. చివరకు వారిలో ఒకడు శుభ్రపరచని సూదితో ఇంజక్షన్ ఇవ్వడమే ఆమె వ్యాధికి కారణమని తేలుతుంది.

మెలకువ వచ్చాక ఫ్రాయిడ్ ఆ కలను ముక్కలు ముక్కలుగా విడదీసి, ఒక్కొక్క ముక్కకు తన మనస్సులో ఏమి స్ఫురిస్తున్నదో వ్రాసుకొన్నాడు. అంతకుముందు రోజు ఒక మిత్రుడు ఇర్మా పూర్తిగా కోలుకోలేదని అన్నాడు. ఆ మాటలో తనపై నింద ధ్వనించినట్లు ఫ్రాయిడ్‌కు తోచింది. కల ఆ నిందను తొలగించి, మిత్రుని నెత్తిమీదనే వేసింది. కల ఒక కోరికను తీర్చిందని ఆయన నిర్ధారణకు వచ్చాడు. కలలకు సంబంధించిన ఆయన మహాగ్రంథం 1899 నవంబరులో వెలువడింది. ప్రకాశకుడు మాత్రం ముఖపత్రంపై 1900 అని ముద్రించాడు. అచ్చువేసిన ప్రతులు 600. అవి అమ్ముడుపోవడానికి ఎనిమిదేళ్లు పట్టింది.

ఫ్రాయిడ్ సిద్ధాంతంలో కలకు రెండు పొరలు ఉంటాయి. మనకు గుర్తుండే కథ పైపొర. అడుగున దాగి ఉండే తలంపులు లోపలి పొర. మనస్సు తనకు సమ్మతం కాని కోరికలను నేరుగా చూపదు. పలువురిని ఒకే మనిషిలో కుదించి చూపుతుంది. ముఖ్యమైన ఉద్వేగాన్ని అల్పమైన వస్తువుపైకి మళ్లిస్తుంది. ఈ మారువేషాలను తొలగించుకొంటూ వెనక్కి నడవడమే విశ్లేషకుని పని. అందుకు ఆయన ఎన్నుకొన్న సాధనం స్వేచ్ఛానుబంధం. అనగా రోగి సోఫాపై విశ్రాంతిగా పడుకొని, కలలోని ప్రతి అంశానికీ తోచిన మాటను సిగ్గు, సంకోచం లేకుండా చెప్పుకుంటూ పోవడం. ఒకే కల ఇద్దరికి వస్తే రెండు వేర్వేరు అర్థాలు ఉండవచ్చునని ఫ్రాయిడ్ నొక్కి చెప్పాడు. స్వప్నఫలాల పుస్తకానికీ మనోవిశ్లేషణకూ గల ప్రధాన భేదం ఇదే.

అయినా, ప్రతి కలా కోరిక తీర్చుకొనే ప్రయత్నమేనన్న సూత్రానికి యుద్ధం అడ్డుతగిలింది. ఘోరమైన అనుభవాన్ని రాత్రి తరువాత రాత్రి తిరిగి చూపే కలలో ఏ కోరిక తీరుతున్నట్లు? 1920లో ప్రచురించిన రచనలో ఫ్రాయిడ్ అటువంటి కలలు తన సూత్రానికి లొంగవని అంగీకరించాడు. రివర్స్ మరొక దారి పట్టాడు. కల అంటే మెలకువలో పరిష్కారం కాని సంఘర్షణను పరిష్కరించుకొనే ప్రయత్నమని ఆయన భావించాడు. ఆయన 1922లో మరణించాక, ఆ భావాలు 1923లో గ్రంథరూపం దాల్చాయి.

ఓడలో ఇద్దరు

కలకు అర్థం చెప్పడంలో ఉన్న ప్రమాదం ఎట్టిదో తెలుసుకోవడానికి 1909లో అమెరికాకు వెళ్తున్న ఒక ఓడను చూస్తే చాలు. క్లార్క్ విశ్వవిద్యాలయం ఆహ్వానంపై ఫ్రాయిడ్, ఆయన యువ సహచరుడు కార్ల్ యూంగ్ కలిసి ప్రయాణం చేశారు. ఆ యాత్రలో ఒకరి కలలను ఒకరు విశ్లేషించుకొన్నారు. ఆ రోజులలో తనకు వచ్చిన ఒక కలను గురించి యూంగ్ తన జ్ఞాపకాలలో వివరంగా చెప్పాడు.

కలలో ఒక మేడ. పై అంతస్తులో అందమైన పాతకాలపు సామాను. కింది అంతస్తు అంతకంటె పురాతనం, మధ్యయుగాలనాటిది. ఇంకా దిగితే రోమనుల కాలపు నేలమాళిగ. దాని అడుగున రాతిపలకను ఎత్తి చూస్తే గుహ. అందులో ఎముకలు, పగిలిన కుండలు, రెండు పుర్రెలు. ఫ్రాయిడ్ దృష్టి ఆ పుర్రెల మీదనే నిలిచింది. అవి ఎవరివని గుచ్చి గుచ్చి అడిగాడు. ఎవరో మరణించాలన్న రహస్య వాంఛ అందులో ఉన్నదని ఆయన అనుమానం. తనకు అటువంటిదేమీ తోచకపోయినా, గురువుతో వాదించే ధైర్యం చాలక, అవి తన భార్యవి, మరదలివి అని యూంగ్ అబద్ధమాడాడు. ఫ్రాయిడ్ తృప్తి చెందాడు.

యూంగ్‌కు మాత్రం ఆ మేడ మానవ మనస్సుకే ప్రతిరూపంగా తోచింది. వ్యక్తి జ్ఞాపకాలకు అడుగున మానవజాతి అంతటికీ ఉమ్మడియైన ప్రాచీన పొర ఒకటి ఉన్నదన్న ఆయన సిద్ధాంతానికి ఆ కల బీజమైనది. 1913 నాటికి ఆ ఇద్దరి స్నేహం తెగిపోయింది.

ఈ కథలో ఎవరి వ్యాఖ్యానం సరైనదన్నది ప్రధానం కాదు. లోకంలోకెల్ల పేరుపొందిన మనోవిశ్లేషకుని ఎదుట, మనస్తత్వశాస్త్రం తెలిసిన మరొక వైద్యుడే ఆయనకు కావలసిన జవాబు కల్పించి చెప్పాడు. ఇక నిస్సహాయుడై వైద్యుని ఆశ్రయించిన సామాన్యుని మాట చెప్పాలా? అతడు అబద్ధమని తెలిసి చెప్పకపోవచ్చు. వైద్యుడు చెప్పినదే నిజమని నమ్మిపోవచ్చు.

ఆ ప్రమాదం ఊహ కాదని తరువాతి కాలంలో ప్రయోగాలు నిరూపించాయి. జులియానా మజ్జోని, ఎలిజబెత్ లాఫ్టస్ మొదలైన మనస్తత్వశాస్త్రజ్ఞులు 1999లో ప్రచురించిన పరిశోధనలో పాల్గొన్నవారు తమ కలలను ఒక నిపుణునికి చెప్పారు. ఆ కలను బట్టి చూస్తే పసితనంలో మీరు ఎక్కడో తప్పిపోయి ఉండవచ్చునన్నట్టి సూచన ఆ నిపుణుడు చేశాడు. కొన్నాళ్ల తరువాత ప్రశ్నించినప్పుడు, అటువంటిది జరిగి ఉంటుందన్న నమ్మకం వారిలో చాలామందికి పెరిగింది. జరగని గతాన్ని నమ్మించే శక్తి ఒక్క వ్యాఖ్యానానికి ఉన్నదన్నమాట. కలను ఆధారంగా చేసుకొని ఏనాడో జరిగిన అన్యాయాన్ని కనిపెట్టామని, ఫలానావారు దోషులని ప్రకటించే చికిత్సకుని విషయంలో జాగ్రత్త అవసరం.

కలకత్తాలో ఒక గది

మనోవిశ్లేషణ యూరపు ఎల్లలు దాటి మన దేశానికి చాలా త్వరగా చేరింది. కలకత్తాలో గిరీంద్రశేఖర్ బోస్ అనే వైద్యుడు మనోరోగులకు చికిత్స చేస్తూ, స్వతంత్రంగా తన సిద్ధాంతాలను రూపొందించుకొన్నాడు. 1921లో కలకత్తా విశ్వవిద్యాలయానికి సమర్పించిన పరిశోధన గ్రంథాన్ని ఫ్రాయిడ్‌కు పంపాడు. ఇద్దరి మధ్య ఉత్తరప్రత్యుత్తరాలు చాలా ఏళ్లు సాగాయి. ఒకరినొకరు ఎన్నడూ కలుసుకోలేదు. 1922లో బోస్ ఇంట్లో భారతీయ మనోవిశ్లేషణ సంఘం వెలిసింది. కలలను గురించి ఆయన వంగభాషలో స్వప్న అనే గ్రంథం వ్రాశాడు.

బోస్ ఫ్రాయిడ్ మాటలను వల్లె వేసిన శిష్యుడు కాడు. మనస్సులో ప్రతి కోరికకూ దానికి విరుద్ధమైన కోరిక జంటగా ఉంటుందని, కొట్టాలన్న వాంఛ వెనుక కొట్టించుకోవాలన్న వాంఛ అణగి ఉంటుందని ఆయన సిద్ధాంతం. అందుచేత రోగిని ఎదుటివాని స్థానంలో నిలిచి ఊహించుకొమ్మనేవాడు. భారతీయ రోగులలో తనకు కనిపించిన విషయాలు వియన్నా సిద్ధాంతాలతో అన్నిచోట్లా సరిపోవడం లేదని ఫ్రాయిడ్‌కు నిర్మొహమాటంగా వ్రాశాడు. 1931లో ఫ్రాయిడ్ 75వ జన్మదినానికి కలకత్తా సంఘం దంతంతో చెక్కిన విష్ణుమూర్తి విగ్రహాన్ని కానుకగా పంపింది. అది ఫ్రాయిడ్ వ్రాతబల్లపై చోటు సంపాదించుకొన్నది. 1940లో బోస్, ఆయన సహచరులు కలకత్తాలో లుంబినీ పార్క్ మానసిక వైద్యశాలను నెలకొల్పారు.

బోస్ 1953లో కన్నుమూశాడు. సరిగ్గా ఆ ఏడే కలల అధ్యయనం మరొక మలుపు తిరిగింది.

రెప్పల కింద కదలిక

అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయంలో యూజీన్ అసెరిన్‌స్కీ అనే విద్యార్థి తన ఎనిమిదేళ్ల కుమారుణ్ణి ప్రయోగశాలలో పడుకోబెట్టి, కళ్ల దగ్గర తీగలు అతికించి, రాత్రంతా యంత్రం ముందు కూర్చున్నాడు. నిద్ర మధ్యలో మూసిన రెప్పల కింద బాలుని కళ్లు చురుకుగా కదలడం యంత్రం గీసి చూపింది. అసెరిన్‌స్కీ, ఆయన గురువు నథానియల్ క్లైట్‌మన్ ఈ విషయాన్ని 1953లో ప్రకటించారు. ఆ దశలో లేపినవారు చాలావరకు స్పష్టమైన కలలు చెప్పారు. నిద్ర అంటే మెదడు దీపం ఆర్పుకొని విశ్రమించడం కాదని తేలిపోయింది. సుమారు 90 నిమిషాలకు ఒకసారి ఈ చురుకైన దశ వస్తుంది. పెద్దవారి నిద్రలో దాదాపు నాలుగో వంతు ఇదే. తెల్లవారే కొద్దీ దీని నిడివి పెరుగుతుంది. వేకువ కలలే మనకు బాగా గుర్తుండడానికి ఇది ఒక కారణం.

1977లో హార్వర్డ్ వైద్యశాస్త్రజ్ఞులు ఎలన్ హాబ్సన్, రాబర్ట్ మెకార్లీ ఫ్రాయిడ్ సిద్ధాంతంపై పెద్ద దెబ్బ కొట్టారు. మెదడు కాండం నుండి వెలువడే సంకేతాలను పైమెదడు చేతనైనంతవరకు కథగా అల్లుకోవడమే కల అని, దాని వెనుక దాచిపెట్టిన కోరికలను వెదకనవసరం లేదని వారి వాదం. రెండు దశాబ్దాల తరువాత దక్షిణాఫ్రికాకు చెందిన మార్క్ సోమ్స్ మెదడు దెబ్బతిన్న రోగులను పరిశీలించి, 1997లో భిన్నమైన ఫలితాలు ప్రకటించాడు. మెదడు కాండం దెబ్బతిన్నా కలలు వచ్చేవారున్నారు. కోరికలకు, ఆసక్తికి సంబంధించిన ముందు మెదడు మార్గాలు దెబ్బతిన్నవారు కలలు కనడమే మానివేశారు. వాదం నేటికీ ముగియలేదు.

చికిత్సకు నేరుగా పనికివచ్చే పరిశీలన మరొకటి షికాగోలోనే జరిగింది. రోజలిండ్ కార్ట్‌రైట్ అనే శాస్త్రజ్ఞురాలు విడాకులు పొంది, దిగులుతో కుంగిపోయిన స్త్రీపురుషుల కలలను ప్రయోగశాలలో సేకరించింది. విడిపోయిన జీవితభాగస్వామిని కలలో ఉద్వేగంతో ఎదుర్కొన్నవారు ఏడాది గడిచేసరికి తక్కినవారికంటె ఎక్కువగా కోలుకొన్నారు. బాధను కలలోకి రానిచ్చిన మనస్సు దానిని జీర్ణం చేసుకొంటున్నదని ఆమె భావించింది. ఇన్ని యంత్రాలు లేకుండానే రివర్స్ చూచినది ఇంచుమించు ఇదే.

నేటి చికిత్సలో కల

నేడు కలలతో పనిచేసే చికిత్సకులలో చాలామంది ఒక విషయంలో ఏకాభిప్రాయానికి వచ్చారు. కల మీద అధికారం కన్నవారిదే. చికిత్సకుడు దారి చూపే తోడు మాత్రమే. అమెరికాలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన క్లారా హిల్ రూపొందించిన పద్ధతి ఇందుకు మంచి ఉదాహరణ. అందులో మూడు మెట్లు ఉన్నాయి: పరిశీలన, అవగాహన, ఆచరణ.

ఒక ఉదాహరణ ఊహించుకొందాం. ఊరి చెరువు గట్టు తెగి నీళ్లు ఇంట్లోకి వస్తున్నట్లు ఒక గృహిణికి పదే పదే కల వస్తున్నదనుకొందాం. స్వప్నఫలాల పుట ఒక జవాబు ఇస్తుంది. చికిత్సకుడు మాత్రం కలను వర్తమానకాలంలో, కళ్లకు కట్టినట్లు తిరిగి చెప్పమంటాడు. ఆ నీళ్లు ఎట్లా ఉన్నాయి? మీరు ఎక్కడ నిలబడి ఉన్నారు? మొదట ఎవరిని పిలిచారు? అప్పుడు మీకు ఏమనిపించింది? ఆ గట్టును తలచుకొంటే ఇంకేమి గుర్తుకు వస్తున్నది? ఈ ప్రశ్నలకు జవాబు చెబుతూ, ఇంట్లో ఆపదలన్నింటికీ తాను ఒక్కతే అడ్డుగా నిలబడుతున్నానని ఆమె తనంతట తానే అనవచ్చు. అనకపోవచ్చు కూడ. వానాకాలంలో నిజంగా మునిగిన ఇల్లు ఆమె జ్ఞాపకాలలో ఉండవచ్చు. అదే కల రైతుకు వస్తే మరొకటి, కొత్తగా అత్తవారింటికి వెళ్లిన పిల్లకు వస్తే ఇంకొకటి. అవగాహన కలిగిన తరువాత చివరి మెట్టు: ఈ కలను మీరే మార్చగలిగితే ఎట్లా మారుస్తారు? ఆ మార్పును మేలుకొన్న జీవితంలో ఏ కొంచెమైనా ఆచరించడం ఎట్లా?

పీడకలలతో బాధపడేవారి విషయంలో మరింత సూటియైన పద్ధతి ఒకటి వాడుకలోకి వచ్చింది. ఇందులో అర్థాన్వేషణ ప్రధానం కాదు. రోగి మరీ భయంకరం కాని ఒక పీడకలను ఎన్నుకొని కాగితంపై వ్రాస్తాడు. తరువాత దానిని తనకు తోచిన రీతిలో మార్చి, కొత్త కథగా వ్రాస్తాడు. ఏ మార్పు చేయాలో చికిత్సకుడు చెప్పడు. ఆ కొత్త దృశ్యాన్ని ప్రతిరోజూ కొన్ని నిమిషాలు కళ్లు మూసుకొని మనస్సులో నెమరువేసుకొంటాడు. అంతే. వినడానికి పిల్లల ఆటలా ఉన్నా, ఫలితాలు ఉపేక్షించదగినవి కావు. బారీ క్రాకోవ్, ఆయన సహచరులు 2001లో ప్రచురించిన అధ్యయనంలో, లైంగిక అత్యాచారానికి గురై పీడకలలతో బాధపడుతున్న 168 మంది స్త్రీలు పాల్గొన్నారు. మూడు విడతల శిక్షణ పొందినవారికి పీడకలలు గణనీయంగా తగ్గాయి. నిద్ర మెరుగుపడింది. పగటి భయాలు కూడ తగ్గుముఖం పట్టాయి. అమెరికా నిద్రావైద్యుల సంస్థ 2018లో ఈ పద్ధతిని పీడకలల చికిత్సకు సిఫారసు చేసింది. అదే ఏడు, పీడకలలకు ఎంతో ఆశతో వాడుతూ వచ్చిన ప్రజోసిన్ అనే మందును 304 మంది మాజీ సైనికులపై పరీక్షించగా, అది ఉత్తుత్తి మాత్రకంటె మెరుగైన ఫలితం ఇవ్వలేదు.

వైద్యుని వద్దకు ఎప్పుడు?

అప్పుడప్పుడు పీడకల రావడం రోగం కాదు. పరీక్షకు ఆలస్యంగా చేరినట్లు, రైలు తప్పిపోయినట్లు, గుంపులో నోట మాట రానట్లు కలలు రానివారు అరుదు. కాని పీడకలలు తరచుగా వచ్చి నిద్రను, మరుసటి రోజు పనిని చెడగొడుతున్నప్పుడు, నిద్రపోవడానికే భయం కలుగుతున్నప్పుడు, ప్రమాదమో దాడియో జరిగిన తరువాత అదే దృశ్యం నెలల తరబడి వెంటాడుతున్నప్పుడు సంకోచించక వైద్యుని కలుసుకోవాలి. చావాలన్న తలంపులు తోడైతే ఒక్క రోజు కూడ ఆలస్యం తగదు.

అన్నిసార్లూ కారణం మనస్సులోనే ఉండదు. రక్తపోటుకు, దిగులుకు ఇచ్చే కొన్ని మందులు కలలను ఉద్ధృతం చేస్తాయి. మద్యం అలవాటును హఠాత్తుగా మానివేసినవారికి భయంకరమైన కలలు రావచ్చు. సాధారణంగా కలగనే సమయంలో దేహం కదలకుండా కండరాలు సడలి ఉంటాయి. కొందరు వయసు మళ్లినవారిలో ఈ కట్టు తప్పి, కలలోని కొట్లాటను పక్కమీదనే ప్రదర్శిస్తారు. కేకలు వేస్తారు, పక్కవారిని కొడతారు. దయ్యం పట్టిందని, పాత పగ బయటపడిందని ఇంటివారు పొరబడవచ్చు. ఇది నాడీమండలానికి సంబంధించిన వ్యాధి అని 1986లో అమెరికా వైద్యులు గుర్తించారు. తరువాతి కాలంలో పార్కిన్‌సన్ వ్యాధికి ఇది ముందస్తు హెచ్చరిక కావచ్చునని కూడ తేలింది. ఇటువంటి వారికి భూతవైద్యునికంటె, స్వప్నవ్యాఖ్యాతకంటె నరాల వైద్యుడే దిక్కు.

మన దేశంలో మనోవైద్యులు జనాభాకు తగినంతమంది లేరు. ఉన్నవారిలో ఎక్కువమంది నగరాలకే పరిమితం. భారత ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరులో ఫోను చేస్తే, తెలుగుతో సహా పలు భారతీయ భాషలలో ఉచితంగా సలహా లభిస్తుంది. కలను మాతృభాషలో చెప్పుకోగలగడం చిన్న సౌకర్యం కాదు. కలలోని మనుషులు మనతో మాట్లాడేది ఆ భాషలోనే గదా.

ఇక ఇంటి మాట. పసివాడు అర్ధరాత్రి ఉలిక్కిపడి లేచినప్పుడు, ‘ఏమీ లేదు, నీళ్లు తాగి పడుకో’ అనడం మనకు అలవాటు. నీళ్లు ఇవ్వవలసిందే, దగ్గరకు తీసుకోవలసిందే. కాని తెల్లవారిన తరువాత, వాడు చెప్పదలచుకొంటే, తీరికగా కూర్చుండి ఆ కలను మొదటి నుండి చివరి వరకు విని, ‘అప్పుడు నీకేమనిపించిందిరా?’ అని అడగడానికి ఏ శాస్త్రమూ చదివి ఉండనవసరం లేదు. వాడు చెప్పే జవాబుకు మన అర్థం జోడించకుండా ఊరుకోవడమే కొంచెం కష్టం.